డెస్ నిలబడిన చోటు

"లాకప్పులో వేస్తారా, వెయ్యరా? ముందు అది చెప్పండి," అన్నాడు టిపెనె.

సార్జంట్ హేరా తూహాకా ఉద్యోగంలో చేరి చాలా ఏళ్లయింది. వదిలెయ్యమని కాళ్ల మీద పడ్డవాళ్లను చూసింది. కిటికీలోంచి దూకి కాలు విరగ్గొట్టుకున్నవాళ్లను చూసింది. లోపల వెయ్యమని తొందరపెట్టేవాణ్ణి చూడటం మాత్రం ఇదే మొదలు.

"ఏం, అక్కడేమన్నా విందు పెడుతున్నారా?"

"ఏది పెడితే అది తింటాను పిన్నీ."

"డ్యూటీలో నేను పిన్నిని కాదు. కూర్చో."

వాడు కూర్చోలేదు. ఇరవై ఆరేళ్ల మనిషి, భుజాలు గుమ్మానికి పట్టేలా లేవు, కళ్లు మాత్రం మూడు రాత్రుల నిద్ర బాకీ ఉన్నట్టున్నాయి. చెట్లు కొట్టేవాళ్లు వానొస్తే తలదాచుకునే రేకుల గది అది. చక్రాల మీద నిలబడి ఉంటుంది. లోపల బల్ల మీద చల్లారిన టీ, పక్కన టిపెనె రంపం. సాక్ష్యం కింద స్వాధీనం చేసుకున్న ఆ మోటారు రంపానికి చీటీ కట్టి ఉంది.

గురువారం పొద్దున తొకారా పైన్ అడవిలో డెస్ కారిగన్ చెట్టు కింద పడి చచ్చిపోయాడు. అరవై దాటిన మనిషి. మీసం మొలిచిన నాటినుంచీ చెట్లు పడగొడుతున్నా ఒంటిమీద గోటిగీత పడనివ్వలేదు. డెస్ రంపం చేతపడితే పిట్టలు తమంత తామే గూళ్లు ఖాళీ చేసేవని ఆ అడవిలో చెప్పుకొనేవారు. అలాంటివాణ్ణి చంపింది అతను కొట్టిన చెట్టు కాదు. అది పడవలసిన చోటే బుద్ధిగా పడింది. దాని వెంటనే అతని వెనక గట్టు మీదినుంచి ఇంకో చెట్టు వచ్చి అతని మీద పడింది. ఆ పొద్దున ఆ గట్టున అతనికి జతగా ఉన్నది టిపెనె ఒక్కడే.

"ఆ రెండో చెట్టు నువ్వు కొట్టావా?"

"లేదు."

"మరి ఎక్కడున్నావు?"

"పెట్రోలు డబ్బా కోసం కిందికి వచ్చాను."

"దుంగలెత్తే బండి మనిషి కిందే ఉన్నాడు. నిన్ను చూడలేదంటున్నాడు."

"వెనక దారిన వచ్చాను. అప్పుడు వాడు బండి ఆపి టీ తాగుతున్నాడు. టీ తాగేటప్పుడు వాడు కప్పులోకి తప్ప ఎక్కడికీ చూడడు."

"బుధవారం సాయంత్రం పబ్బులో నువ్వూ డెస్సూ అరుచుకున్నారట. దేనికి?"

టిపెనె రంపానికి కట్టిన చీటీని వేలితో తిప్పాడు.

"మంగళవారం చావుల మీద విచారణ చేసే కరోనర్ ముందు డెస్ సాక్ష్యం చెప్పాల్సి ఉంది. పోయిన చలికాలం మీతో పనిచేసే రెవి చెట్టు కింద ఎలా చచ్చిపోయాడో చెప్పాలి. గొడవ దాని గురించేనా?"

టిపెనె చూపు కిటికీ మీదికి పోయి, కాలినట్టు వెనక్కి వచ్చింది. బయట ఈ చెట్లు కొట్టే ముఠాకి పెద్ద అయిన క్లైవ్ ఆడిస్, ఫ్లాస్కులోంచి ఎవరికో టీ పోస్తున్నాడు.

"నన్నెప్పుడు తీసుకుపోతారు?" అన్నాడు టిపెనె మళ్లీ.

తలుపు దబ్బున తెరుచుకుంది. ముందు బూట్లు, ఆ తర్వాత ఇన్‌స్పెక్టర్ గావిన్ ప్రిడో లోపలికి వచ్చాడు. ఆ బూట్ల మెరుపు చూస్తే ఈగ కూడా తల దువ్వుకుని గానీ వాలదు. పై ఆఫీసు వాళ్లు ఆయన్ను నిన్న పంపారు, హేరా రెండు రోజుల్లో తేల్చలేకపోయిందని.

"ఇంకా కబుర్లేనా? ఇదేం మీ బంధువుల పెళ్లి కాదు హేరా."

"పెళ్లయితే ఈపాటికి మీరు భోంచేసి వెళ్లిపోయేవారు సార్."

"నాకు ఒక పూట చాలు. ఇది నిర్లక్ష్యం వల్ల జరిగిన చావు. ఈ అడవిలో మొదటి నియమం ఏమిటి? చెట్టు కొట్టేటప్పుడు దాని పొడుగుకి రెండింతల దూరంలో ఇంకో మనిషి ఉండకూడదు. వీడు పైన కొట్టాడు, ముసలాయన కింద చచ్చాడు. వీణ్ణి చోటుకి తీసుకెళ్లి చూపించమంటాను. సాయంత్రానికి లోపల వేస్తాను."

"మంచిది," అన్నాడు టిపెనె.

ప్రిడో ఒక క్షణం తికమకపడ్డాడు. ముద్దాయి ఒప్పేసుకుంటే ఆయనకి మజా ఉండదు. వాడి చేతులకి బేడీలు వేశాడు, ముందువైపే.

బయట క్లైవ్ ఆడిస్ రెండు చేతులా పైలు, అంటే మాంసం కూరిన రొట్టెలు, పట్టుకుని ఎదురొచ్చాడు. నెరిసిన గడ్డం, నెమ్మదైన గొంతు. చుట్టుపక్కల ఏ ఊళ్లో ఎవడు రంపం పట్టినా ముందు ఇతని దగ్గర పాఠం నేర్చుకోవాల్సిందే. చెట్టుకి దణ్ణం పెట్టించి, ఆకాశం చూపించి, పారిపోయే దారి నరికించి, ఆ తర్వాతే రంపం ముట్టుకోనిచ్చేవాడు. ఒకసారి నేల మీద మేకు నిలబెట్టి, పైన్ చెట్టుని దాని నెత్తిన పడేసి, మేకుని నేలలోకి దిగ్గొట్టాడట. ఆ మేకు ఆస్ట్రేలియాలో పైకి తేలిందని గిట్టనివాళ్లు నవ్వేవారు.

"గురువారం పొద్దున నువ్వెక్కడున్నావు క్లైవ్?" అని అడిగింది హేరా.

"చెప్పానుగా సార్జంటమ్మా. కొండకి అవతల, పాత దారులు చూసుకుంటున్నాను."

"తోడెవరు?"

"నా కుక్కలు. వాటినీ రప్పించమంటావా?" నవ్వాడు. నవ్వు తొందరగానే ఆపేశాడు. "డెస్‌కీ నాకూ ముప్పై ఏళ్ల స్నేహం. ఈ కుర్రాడిదీ పాపం బుద్ధిపూర్వకం కాదు. తొందరపడ్డాడు."

"రెవి కూడా తొందరపడ్డాడనే చెప్పావు పోయిన చలికాలం."

క్లైవ్ పైలు రెండూ పోలీసు కారు బానెట్ మీద పెట్టాడు. "అవును. అదే చెప్పాను," అన్నాడు. తర్వాత ప్రిడో వైపు తిరిగాడు. "చోటు చూడబోతున్నారా? అయితే వీణ్ణి కుడిచేతి దారి చివర నిలబెట్టండి సార్. అక్కణ్ణుంచి అంతా బాగా కనబడుతుంది. నేను ఇంటికి పోతాను, కుక్కలకి తిండి పెట్టాలి."

"చూశావా హేరా, సాయం చేసేవాళ్లు ఇలా ఉంటారు," అంటూ ప్రిడో ఒక పై అందుకున్నాడు.

అడవిలోకి పోయే దారికి తాడు కట్టి ఉంది. తాడు పక్కన మడత కుర్చీలో, హేరా తెగకి పెద్దయిన కోరో ఎరువేరా దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. గురువారం శవాన్ని కిందికి దించగానే ఆ పెద్దాయనే రాహుయి, అంటే నిషేధం, వేశాడు. మనిషి నెత్తురు పడ్డ నేల అది. మళ్లీ ఆయన మంత్రం చదివి ఎత్తేదాకా అక్కడ రంపం మోగదు, దుంగ కదలదు, ఎవడూ అడుగుపెట్టడు. మూడు రోజులుగా ఎవడూ పెట్టలేదు కూడా. ప్రిడో నిన్న వచ్చి, తాడు ఇవతలినుంచే ఫొటోలు తీసుకుని, చట్టం పెద్దదా తాడు పెద్దదా అని ఒక గంట అరిచి వెళ్లాడు.

"ఇవాళ పంపిస్తాను," అన్నాడు కోరో. "ఎందుకంటే ఇవాళ సరిగ్గా అడిగారు. అడిగింది మా మనవరాలు హేరా, నువ్వు కాదు. ఆ నోట్లోది ఏమిటి?"

"పై."

"ఉమ్మెయ్యి. చచ్చిన చోట తింటావా? మీ ఊళ్లో శ్మశానంలో వంటలు చేస్తారా?"

ఇన్‌స్పెక్టర్ ప్రిడో దొంగబిస్కెట్టుతో దొరికిన పిల్లాడిలా పైని జేబురుమాల్లో చుట్టాడు. కోరో లేచి నిలబడి, కళ్లు మూసుకుని, తన భాషలో మంత్రం చదివాడు. తాడు ఎత్తాడు. "ఏదీ బయటికి తేకండి. తొందరగా రండి. గాలి మారుతోంది."

నిజమే. మూడు రోజులుగా ఆకు కదలని అడవి, ఇప్పుడు పైన ఎక్కడో మూలుగుతోంది.

డెస్ కొట్టిన చెట్టు మోడు దగ్గరికి వచ్చేసరికి ప్రిడో బూట్లు పైన్ జిగురుతో కుంటి కోడిలా నడుస్తున్నాయి. హేరా మోకాళ్ల మీద కూర్చుంది. ఆమె నాన్న ఇలాంటి మోళ్ల మధ్యే బతికాడు. అక్షరాలకంటే ముందు ఆమెకి మోళ్లు చదవడం వచ్చింది.

మోడు ముందువైపు పుచ్చకాయ ముక్క తీసినట్టు గాటు. చెట్టు ఎటు పడాలో ఆ గాటు చెబుతుంది. వెనకనుంచి, దానికంటే కాస్త ఎత్తులో, అడ్డంగా కోత. రెండింటి మధ్యా కొయ్యకుండా వదిలిన సన్నటి పట్టీ. దాన్ని ఇక్కడివాళ్లు బందు అంటారు. తలుపు బందు మీద తిరిగినట్టు చెట్టు దాని మీద వంగుతూ నెమ్మదిగా ఒరుగుతుంది. బందు తెగిందంటే చెట్టు తాగినవాడితో సమానం. ఎటు తూలుతుందో దానికే తెలియదు. డెస్ బందు మాత్రం ఈ చివరినుంచి ఆ చివరికి ఒకే మందంలో, అమ్మ కత్తిరించిన రొట్టెముక్కలా ఉంది.

మోడు వెనకనుంచి ఏటవాలుగా రెండు దారులు, ఎడమకొకటి, కుడికొకటి. ఫెర్న్ పొదలు నరికి, కాలికి తగిలే కొమ్మలు తీసేసి ఉన్నాయి. చెట్టు కదలగానే కొట్టినవాడు రంపం ఆపి, ఆ రెంటిలో ఒక దారిన తప్పుకుంటాడు. చివర నిలబడి తల పైకెత్తి చూస్తాడు, పడే చెట్టు ఇంకే కొమ్మనన్నా విరిచిందేమోనని.

డెస్ ఎడమ దారిన తప్పుకున్నాడు. దాని చివర అడ్డంగా పడి ఉంది రెండో చెట్టు. దాని కింద నేల ఇంకా నల్లగానే ఉంది. టిపెనె తల తిప్పుకున్నాడు.

"పరుగెత్తలేదు," అంది హేరా. "నియమం తప్పలేదు. ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడ్డాడు. చెవులకి మూతలున్నాయి, కళ్లు తన చెట్టు మీదున్నాయి."

"నిలబడ్డాడు, చచ్చాడు. ఇక పైకి పద," అన్నాడు ప్రిడో.

రెండో చెట్టు మోడు గట్టు మీద, ఎడమపక్కన ఉంది. హేరా దాని చుట్టూ తిరిగింది. చేత్తో ముట్టుకోకుండా, ముక్కుతో వాసన చూస్తున్నట్టు వంగి చూసింది.

"సార్, దుంగలెత్తే బండి మనిషి ఏం చెప్పాడు?"

"బండి ఆపి టీ తాగుతున్నాను, ఒక రంపం మోత వినిపించింది, ఆగింది, చెట్టు పడింది, వెంటనే ఇంకోటి పడింది అన్నాడు."

"ఒక్క రంపం. రెండు చెట్లు. రెండో చెట్టుని టిపెనె దేంతో కొట్టాడు, పళ్లతోనా?"

ప్రిడో జేబులోంచి పుస్తకం తీసి ఆ వాంగ్మూలం మళ్లీ చదివాడు.

"ఈ చెట్టు గురువారం కొట్టింది కాదు సార్. ముందు రాత్రే కోసి పెట్టారు. వెనక కోత కోసి, బందు కాస్త లావుగా వదిలి, కోతలో చీల బిగించి నిలబెట్టారు. డెస్ వచ్చి ఆ చోట నిలబడగానే, గూటంతో చీల దిగ్గొట్టారు. చెట్టు ఒరిగింది. ఇదిగో చీల." మోడు పక్కన పొట్టులో పసుపుపచ్చ ప్లాస్టిక్ చీల పడి ఉంది. తల మీద దెబ్బల గుర్తులు. "దీనికి రంపం అక్కర్లేదు. మోటారు మోత అక్కర్లేదు. డెస్ ఎక్కడ నిలబడతాడో తెలిస్తే చాలు. నియమం తప్పేవాణ్ణి ఇలా చంపలేరు. వాడు ఎక్కడ నిలబడతాడో దేవుడికి కూడా తెలియదు. నియమం తప్పనివాణ్ణి మాత్రమే చంపగలరు."

ప్రిడో కాసేపు మోడు వంకా, చీల వంకా చూశాడు. మొహం మెల్లగా వెలిగింది.

"శభాష్ హేరా. అంటే ఇది నిర్లక్ష్యం కాదు. హత్య." టిపెనె వైపు తిరిగాడు. "నీకు రెండు మూడేళ్లు పడతాయనుకున్నాను బాబూ. మీ సార్జంటమ్మ పుణ్యమా అని ఇప్పుడు యావజ్జీవం."

కుర్రాణ్ణి బావిలోంచి తీద్దామని హేరా తాడు వేస్తే, ఈయన అదే తాడు వాడి మెడకి చుట్టాడు.

"పూర్తిగా వినండి. టిపెనె రంపం చూశారుగా, రేకుల గదిలో?"

"చూశాను. రంపంలాగే ఉంది."

"బ్లేడు మోచెయ్యంత. ఈ మోడు వెడల్పు దానికి రెండింతలు. అంత చిన్న బ్లేడుతో ఇంత చెట్టు కొయ్యాలంటే, ఈ పక్కనుంచి సగం కోసి, చుట్టూ తిరిగి ఆ పక్కనుంచి మిగతా సగం కొయ్యాలి. ఎంత గురి ఉన్నా రెండు కోతలూ కలిసే చోట మెట్టు పడుతుంది. ఇటు రండి." పక్కనే బుధవారం టిపెనె కొట్టిన మోళ్లు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి చూపించింది. "మెట్టు. మెట్టు. ఇదిగో, ఇక్కడ ఇంకా పెద్ద మెట్టు."

"ఆ రోజు రంపం గొలుసు మొద్దుబారింది పిన్నీ," అన్నాడు టిపెనె, ఇంత చావులోనూ పరువు కాపాడుకుంటూ.

"ఇప్పుడు దీన్ని చూడండి. ఈ చివరినుంచి ఆ చివరికి అద్దం. ఒక్కటే కోత. పొడుగు బ్లేడు."

"పొడుగు బ్లేడు ఎవరి దగ్గరుంది?"

"డెస్ దగ్గర ఒకటి. బుధవారం పొద్దుపోయేదాకా అది డెస్ చేతిలోనే ఉంది. రాత్రి తన ఇంట్లో తాళం వేసుకున్నాడు, వాళ్లావిడ చెప్పింది. గురువారం అది చేతిలో ఉండగానే చచ్చాడు. ఈ ముఠాలో ఇంకొకటే ఉంది. క్లైవ్ బండిలో."

ప్రిడో నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. "జిల్లాలో అందరికీ ప్రాణం ఎలా కాపాడుకోవాలో నేర్పేవాడా? హేరా, కోర్టులో మోడు మీద గీత చూపించి ఆ మాట చెప్పు. జడ్జి కూడా నవ్వుతాడు. వీడేమో పబ్బులో గొడవపడ్డాడు. ఎక్కడున్నాడో చెప్పలేడు. లోపల వెయ్యమని తనే బతిమాలుతున్నాడు. నాకు ఇది చాలు. పదరా, చూపించు, ఫొటో తీసుకుని పోదాం. చలేస్తోంది."

టిపెనె భుజం పట్టుకుని కిందికి తీసుకుపోయాడు.

హేరా అక్కడే ఉండిపోయింది. కోపం వస్తే ఆమె మాట్లాడదు, చూస్తుంది. చూసింది. హంతకుడి మోడు వెనకనుంచి కూడా ఒక దారి ఉంది. ఫెర్న్ పొదలు నీటుగా నరికి, కాలికి తగిలే కొమ్మలు పక్కకి పెట్టి, ఏటవాలుగా, పాఠంలో చెప్పినట్టు.

మనిషిని చంపడానికి వచ్చినవాడు తను తప్పుకోవడానికి దారి నరుక్కున్నాడు. ముప్పై ఏళ్లు నేర్పిన చెయ్యి ఊరుకోలేదు. పాపం చెయ్యడానికి వణకని చెయ్యి, దారి లేకుండా చెట్టు కొట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు.

ఆ దారి చివరిదాకా నడిచి వెనక్కి తిరిగింది. అక్కణ్ణుంచి డెస్ మోడు, దాని రెండు దారులూ అరచేతిలో గీతల్లా కనబడ్డాయి. ఎడమదాని చివర అడ్డంగా పడ్డ చెట్టు. కుడిదాని చివర ప్రిడో, టిపెనె. ప్రిడో వాణ్ణి అటు జరిపి, ఇటు జరిపి, ఫొటోకి నిలబెడుతున్నాడు.

రెండు దారులు.

డెస్ ఎడమకి తప్పుకుంటాడో కుడికి తప్పుకుంటాడో చంపేవాడికి ముందుగా ఎలా తెలుస్తుంది? తెలియదు. తెలియనప్పుడు ఇంత జాగ్రత్తపరుడు ఏం చేస్తాడు?

తల కుడికి తిప్పింది. గట్టు మీద, కుడిచేతి దారికి ఎదురుగా, మిగతావాటికంటే ఓ మనిషి లావుగా పైన్ చెట్టు. నిలబడే ఉంది. మొదలు దగ్గర ఫెర్న్ ఆకులు కప్పి ఉన్నాయి. గాలికి ఒక ఆకు లేచింది. దాని కింద తెల్లటి గాటు, పుచ్చకాయ ముక్క తీసినట్టు. ఆ గాటు నోరు తెరిచి చూస్తున్నది సూటిగా టిపెనె వైపు.

కుడిచేతి దారి చివర నిలబెట్టండి సార్. అక్కణ్ణుంచి అంతా బాగా కనబడుతుంది.

"టిపెనె!"

గాలి ఆమె కేకని తినేసింది. కానీ ఇంకో చప్పుడు మాత్రం స్పష్టంగా వినిపించింది. చెట్టు వెనకనుంచి.

టక్.

ప్రిడో తల ఎత్తి, ఇదేం పిట్ట అన్నట్టు చూశాడు. టిపెనె చూడలేదు. గూటం చీల మీద పడ్డ చప్పుడు వాడికి అమ్మ పిలుపుకంటే బాగా తెలుసు.

టక్. టక్.

ఆ తర్వాత బందు కర్ర పీచులు తెగుతున్న పెటపెట. పెద్ద చెట్టు మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. కొన మాత్రం ఆకాశంలో ఒక జానెడు కదులుతుంది. ఆ జానెడులోనే బతుకంతా ఉంది.

"కిందికి పరుగెత్తు!" అని ప్రిడో తనకి తనే అరుచుకుని, చెట్టు ఏ వైపు పడుతోందో సరిగ్గా ఆ వైపుకే తిరిగాడు. టిపెనె బేడీల చేతులు గుండెకి అదుముకుని, దున్నపోతులా భుజం ముందుకు పెట్టి, ఇన్‌స్పెక్టర్ గారి పక్కటెముకల్లోకి దూకాడు. ఇద్దరూ పక్కకి, ఫెర్న్ పొదల్లోకి పొర్లారు.

చెట్టు వచ్చింది.

నేల ఎగిరి హేరాని మోకాళ్ల మీద పడేసింది. గాలంతా పొట్టు, ఆకులు, మన్ను. విరిగిన కొమ్మలు పైనుంచి చాలాసేపు ఒక్కొక్కటే పడుతూనే ఉన్నాయి. చేతులు తల మీద పెట్టుకుని, వాటి మధ్యనుంచి జారుతూ, పాకుతూ కిందికి వచ్చింది. కుడిచేతి దారి చివర ఇప్పుడు దారి లేదు. నడుమెత్తు దుంగ ఉంది. దానికి బారెడు ఇవతల ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు ఇద్దరూ.

"బతికున్నారా?"

"నా పక్కటెముక," అన్నాడు ప్రిడో.

"బతికే ఉన్నాడు," అన్నాడు టిపెనె.

ప్రిడో లేచి కూర్చున్నాడు. వైర్‌లెస్ ఉండాల్సిన చేతిలో దాని పట్టీ మాత్రమే ఉంది. దుంగ వంక చూశాడు. తను నిలబడిన చోటు వంక చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నీకు ముందే తెలుసు," అంది హేరా టిపెనెతో. "అందుకే లాకప్పు, లాకప్పు అని ప్రాణం తీశావు. ఈ జిల్లాలో చెట్టు పడని చోటు అదొక్కటే."

వాడు తల ఊపాడు. "రెవి తొందరపడలేదు పిన్నీ. సగం పడి, పక్క చెట్టుకి చిక్కుకుని వేలాడుతున్న చెట్టు కిందికి క్లైవే వాణ్ణి పంపాడు. పొద్దుపోతోంది, తొందరగా కానియ్యమన్నాడు. నేనూ డెస్సూ ఇద్దరం చూశాం. ఇద్దరం నోరు మూసుకున్నాం. డెస్ ఇంక మూసుకోలేనన్నాడు. మంగళవారం నువ్వు కూడా రావాలన్నాడు. నాకు భయమేసింది. దానికే పబ్బులో గొడవ. అప్పుడు క్లైవ్ పక్క బల్ల దగ్గరే ఉన్నాడు."

"మూడు రోజులుగా చెప్పొచ్చుగా!" అన్నాడు ప్రిడో.

"ఎవరితో సార్? రోజూ ఆయన పోసిన టీ తాగుతూ కూర్చున్నారు మీ పోలీసులు."

ప్రిడో జేబులోంచి తాళంచెవి తీశాడు. బేడీల కన్నంలో తలకిందులుగా పెట్టి తిప్పాడు, తిరగలేదు. మళ్లీ పెట్టాడు, మళ్లీ తిరగలేదు. హేరా తాళంచెవి లాక్కుని తనే తీసింది. బేడీలు ఫెర్న్ మొక్కల్లో పడ్డాయి. ఎవరూ వాటిని తీసుకోలేదు.

అప్పుడు గట్టు మీద రంపం మోగింది.

రాహుయి వేసిన నేల మీద మూడు రోజుల తర్వాత మోగిన మొదటి రంపం. ముగ్గురూ దుంగ వెనక నక్కారు. మోత ఒక్కసారి పైకి లేచి, బరువెక్కి, గొంతు మార్చుకుంది.

"పారిపోతున్నాడా?" అన్నాడు ప్రిడో గుసగుసగా. "తుపాకీ కారులో ఉంది. కిందికి పరుగెత్తితే..."

"పారిపోవడం లేదు," అన్నాడు టిపెనె. చెవి ఒగ్గి వింటున్నాడు. "ఖాళీ మోత కాదిది. కర్రలో దిగింది. ఇంకో చెట్టు కోస్తున్నాడు. మనకీ కారుకీ మధ్య ఉన్నది ఒక్కటే దారి సార్. దాని మీదికే."

"పైకి పోతే?"

"పక్కన ఇంకోటి కొడతాడు. ఆయన చెట్టుతో మేకు దిగ్గొట్టిన మనిషి. నేను చూశాను ఆ రోజు."

పైన పీచులు పెటపెటమనడం మొదలయింది. ప్రిడో కళ్లు మూసుకున్నాడు. హేరా తల ఎత్తి కొనల వైపు చూసింది. ఏది కదులుతోందో వెతుకుతోంది. వాళ్ల నాన్న ఆమెకి నేర్పిన లెక్క ఒక్కటే. చెట్టు పడేటప్పుడు అడవిలో ఎక్కడున్నా చావొచ్చు, ఒక్క చోట తప్ప.

"లేవండి," అంది. "క్లైవ్ తనకోసం దారి నరుక్కునే ఉంటాడు. నరుక్కోకుండా వాడు చెట్టు ముట్టుకోలేడు. ఆ దారి మీద మాత్రం వాడు చెట్టు పడెయ్యడు."

"అంటే?"

"అంటే వాడు నిలబడే చోటికే పోవాలి సార్. టిపెనె, వాడి దారి ఏ పక్కనుంటుంది?"

"కుడిపక్క. ఎడమ మోకాలు వంగదు ఆయనకి."

"ముందు నువ్వు నడు."

టిపెనె రంపం మోత వైపుకి, గట్టు పైకి, వంగి పరుగు తీశాడు. హేరా అతని వెనక. ఇన్‌స్పెక్టర్ ప్రిడో ఒక్క క్షణం కారు ఉన్న దిక్కు చూసి, తర్వాత ఆమె వెనక పరుగెత్తాడు, ఆ అడవిలో చెట్టు పడని ఒక్క చోటికి.